రోజుకు 180 లీటర్లు వడకట్టి లీటరున్నర వదిలే నెఫ్రాన్

కిడ్నీ అంటే రక్తంలో ఉన్న చెత్తను ఏరి బయట పారేసే అవయవం. చాలామందికి బడి చదువు నుంచి గుర్తుండేది ఇంతే. ఈ మాట తప్పు కాదు గానీ, లోపల పని జరిగే వరస దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. గుంటూరు చుట్టుపక్కల ఊళ్లలో కల్లాల మీద మిర్చి ఎండాక కూలీలు రాశి ముందు కూర్చుని తాలు కాయలు ఏరి పక్కన వేస్తారు, మంచి కాయ ఉన్నచోటే ఉంటుంది. కిడ్నీ అలా చెయ్యదు. మంచీ చెడూ చూడకుండా రాశి మొత్తాన్ని అవతలికి తోసేసి, తనకు కావలసినవాటిని మాత్రం వెనక్కి తెచ్చుకుంటుంది. అలా వెనక్కి రాకుండా అవతలే ఉండిపోయినదే మూత్రం.

చూడ్డానికి ఇది వృథా ఖర్చులా ఉంటుంది గానీ ఇందులో చాలా పెద్ద తెలివి ఉంది. చెత్తను ఏరాలంటే ముందు ప్రతి చెత్తనూ గుర్తుపట్టాలి, రేపు ఒంట్లోకి ఏ కొత్త మందు వస్తుందో, ఏ కొత్త రసాయనం వస్తుందో శరీరానికి ఎలా తెలుస్తుంది? కావలసినవాటిని గుర్తుపట్టడం మాత్రం తేలిక. నీళ్లు, సోడియం, గ్లూకోజ్, అమైనో ఆమ్లాలు, బైకార్బనేట్, ఇలా ఆ జాబితా చిన్నది, ఏళ్లూ పూళ్లూ గడిచినా మారనిది. వాటిని వెనక్కి లాగే ప్రోటీన్లు కిడ్నీలోని సన్నని గొట్టాల (నాళికల) గోడల్లో ముందే అమర్చి ఉంటాయి, లాగేవాళ్లు లేని పదార్థం చాలావరకు దానంతటదే బయటికి పోతుంది. కొవ్వులో కరిగే మందులు మాత్రం గోడల్లోంచి జారి మళ్లీ రక్తంలోకి వచ్చేస్తాయి, వాటిని ముందు కాలేయం నీళ్లలో కరిగేలా మార్చి పంపాలి, అది వేరే కథ.

ఒక్కో కిడ్నీ పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, బరువు 150 గ్రాముల చుట్టూ. రెండూ కలిపినా ఒంటి బరువులో అర శాతం లెక్క. అయినా గుండె పంపే రక్తంలో అయిదో వంతుకు పైగా, అంటే నిమిషానికి లీటరు దాటి, వీటికే వెళ్తుంది. ఈ వడపోత చేసే సన్నని గొట్టాలే నెఫ్రాన్లు, కిడ్నీకి సగటున 10 లక్షలు ఉంటాయంటారు గానీ మనిషికీ మనిషికీ తేడా చాలా ఎక్కువ. నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆ తర్వాత కొత్త నెఫ్రాన్ ఒక్కటీ రాదు, పుట్టినప్పుడు ఉన్నవాటితోనే జీవితమంతా నెట్టుకురావాలి. తక్కువ బరువుతో పుట్టినవాళ్లకు ఆ మొదటి నిల్వే కాస్త తక్కువగా ఉండే అవకాశం ఉంది, అందుకే కిడ్నీ డాక్టర్లు కొందరిని పుట్టినప్పటి బరువు కూడా అడుగుతారు. ఒక్కో నెఫ్రాన్ గొట్టం పొడవు 3 సెంటీమీటర్లు అనుకున్నా, రెండు కిడ్నీల్లోవీ కలిపి సాగదీస్తే 60 కిలోమీటర్లు. విజయవాడలో బయల్దేరి గుంటూరు వెళ్లి ఇంచుమించు తిరిగి వచ్చేయొచ్చు.

ప్రతి నెఫ్రాన్ మొదట్లో కేశనాళికలు చుట్టుకుపోయిన ఒక ఉండ ఉంటుంది, దాని పేరు గ్లోమెరులస్. అడ్డంగా 0.2 మిల్లీమీటర్లు, కంటికి ఆనీ ఆననంత. ఇటలీలో మాల్పీగీ 1666లో వీటి గురించి రాశాడు, వీటి చుట్టూ ఉన్న గుళికే ముందుకు సాగి గొట్టంగా మారుతుందని లండన్‌లో విలియం బౌమన్ 1842లో చూపించాడు. ఈ ఉండలో అసలు విశేషం దాని ముందూ వెనకా ఉంది. ఒంట్లో ఎక్కడైనా ధమనిక తర్వాత కేశనాళికలు, వాటి తర్వాత సిర వస్తాయి. ఇక్కడ మాత్రం రక్తం లోపలికి వచ్చేదీ ధమనికలోంచే, బయటికి పోయేదీ ధమనికలోంచే. రెండింటికీ కండర గోడలున్నాయి, రెండూ బిగుసుకోగలవు, వదులవగలవు. అందుకే మధ్యలో ఉన్న ఉండలో ఒత్తిడిని కిడ్నీ తనకు కావలసినచోట నిలబెట్టుకోగలుగుతుంది. మిగతా కేశనాళికల్లో ఒత్తిడి 35తో మొదలై చివరికొచ్చేసరికి 15కి పడిపోతే, గ్లోమెరులస్‌లో ఈ చివర నుంచి ఆ చివర వరకు 60 దగ్గరే ఉంటుంది, బీపీ కొలిచే లెక్కలోనే. అయితే ఆ 60 అంతా వడపోతకు దొరకదు. రక్తంలోని ప్రోటీన్లు నీళ్లను తమవైపు పట్టి ఉంచే బలం సుమారు 32, గుళికలో అప్పటికే ఉన్న ద్రవం ఎదురునెట్టేది 18. తీసేస్తే మిగిలేది 10. ప్రాణం నిలబెట్టే ఇంత పెద్ద పనికి చేతిలో ఉన్న మిగులు అంతే, ఈ 10ని గుర్తుపెట్టుకుంటే తర్వాత చెప్పబోయే చాలా విషయాలు వాటంతటవే అర్థమవుతాయి.

ఆ ఒత్తిడికి నీళ్లు దాటాల్సిన గోడ మూడు పొరలు. మొదటిది కేశనాళిక లోపలి పొర, దాని నిండా రంధ్రాలే, రక్తకణాలు ఆగిపోతాయి, మిగతాది దాటేస్తుంది. రెండోది ఆధార పొర. మూడోది బయటివైపు పోడోసైట్లు అనే కణాలు, ఇవి సన్నటి పాదాలు చాపి కేశనాళికను చుట్టేసి ఉంటాయి, ఒక కణం పాదానికీ పక్క కణం పాదానికీ మధ్య సన్నని సందు, ఆ సందుకు అడ్డంగా ఒక పలచని తెర. ఆ తెరలో ముఖ్యమైన ప్రోటీన్ నెఫ్రిన్. దాని జన్యువు 1998లో దొరికింది, ఫిన్లాండ్‌లో పుట్టీపుట్టగానే మూత్రంలో విపరీతంగా ప్రోటీన్ పోయే పిల్లల జబ్బును వెతుకుతూ వెళ్తే. అంటే ఆ ఒక్క ప్రోటీన్ సరిగ్గా లేకపోతే గోడ మొత్తం కారిపోతుందన్నమాట. పరిమాణంతో పాటు విద్యుదావేశం కూడా ఇక్కడ లెక్కలోకి వస్తుంది. గోడలో రుణావేశం ఉంది, రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌కూ రుణావేశమే, కాబట్టి సందులో దూరేంత చిన్నదైనా ఆల్బుమిన్ వెనక్కి నెట్టుకుపోతుంది. షుగర్ వ్యాధి ఏళ్ల తరబడి అదుపులో లేనివాళ్లలో ముందుగా పాడయ్యేది ఈ గోడే, అందుకే వాళ్లకు మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష ఏటా చెయ్యమంటారు.

ఇలా నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు గుళికల్లోకి దిగుతాయి. ఒంట్లో రక్తపు ద్రవభాగం మొత్తం 3 లీటర్లే కాబట్టి అదే ద్రవం రోజుకు 60 సార్లు వడపోతకు వస్తోంది.

ఒత్తిడి విషయం ఇక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే మన ప్రాంతంలో కిడ్నీకి హఠాత్తుగా వచ్చే చాలా ఇబ్బందులు ఇక్కడే మొదలవుతాయి. ఏప్రిల్ నెలలో గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా కూలీని తీసుకోండి. ఎండలో బరువు పని చేస్తే గంటకు లీటరు చెమట పోవడం మామూలే, మధ్యలో తాగేది అందులో సగం ఉండదు. రక్తంలో నీరు తగ్గి ఒత్తిడి పడిపోబోతుంటే కిడ్నీ రెనిన్ వదులుతుంది, దాని వెంట యాంజియోటెన్సిన్ తయారై రక్తనాళాలన్నింటినీ బిగిస్తుంది, ముఖ్యంగా గ్లోమెరులస్ నుంచి బయటికి పోయే ధమనికను. బయటి దారి బిగిస్తే ఉండలో ఒత్తిడి నిలబడుతుంది. అదే సమయంలో లోపలికి వచ్చే దారి మూసుకుపోకుండా ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు దాన్ని తెరిచి పడతాయి. ఈ రెండు పట్ల మధ్యే ఆ మిగులు 10 నిలబడుతుంది. సాయంత్రం ఒళ్లు నొప్పులకు ఆ మనిషి మందుల షాపులో రెండు డైక్లోఫెనాక్ బిళ్లలు తీసుకుని వేసుకుంటే, ఆ మందు పని చేసేదే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని ఆపి. నొప్పి తగ్గుతుంది, లోపలి దారి కూడా బిగుసుకుంటుంది. ఆ మనిషికి బీపీ ఉండి యాంజియోటెన్సిన్‌ను అడ్డుకునే టెల్మిసార్టాన్ లాంటిది వాడుతుంటే బయటి దారి వదులై ఉంటుంది, పైన మూత్రం ఎక్కువ పోయే బిళ్ల కూడా ఉంటే ఒంట్లో నీళ్లు ఇంకా తగ్గుతాయి. మూడూ కలిస్తే వడపోత ఒక్కసారిగా పడిపోవచ్చు. ఐబుప్రొఫెన్‌కైనా, ఎసిక్లోఫెనాక్‌కైనా ఇదే వర్తిస్తుంది. నీళ్లు సరిపడా తాగే ఆరోగ్యవంతుడు ఎప్పుడో ఒకటి వేసుకుంటే కిడ్నీ తట్టుకుంటుంది, ఎండ దెబ్బ, వాంతులు, విరేచనాల మీద వేసుకోవడమే ప్రమాదం. బీపీ మందు మీద మాత్రం తప్పు వెయ్యకూడదు, గ్లోమెరులస్‌లో అనవసరంగా పెరిగిన ఒత్తిడిని తగ్గించి షుగర్ ఉన్నవాళ్ల కిడ్నీని కాపాడేది కూడా ఆ రకం మందులే, డాక్టర్ని అడగకుండా ఆపేయడం ఇంకో తప్పు.

ముందు అంతా బయటికి తోసి, తర్వాత వెనక్కి లాగుతుందని ఎలా తెలిసింది? 19వ శతాబ్దమంతా దీని మీద గొడవే. గ్లోమెరులస్ నీళ్లు మాత్రం వదులుతుంది, చెత్తను గొట్టం గోడలు కలుపుతాయి అని బౌమన్ అనుకున్నాడు. లేదు, అక్కడ జరిగేది ఒత్తిడితో వడపోతే అని జర్మనీలో కార్ల్ లుడ్విగ్ అన్నాడు. తేల్చింది 1920ల్లో అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వేర్న్, రిచర్డ్స్ చేసిన ప్రయోగం. కప్ప కిడ్నీని మైక్రోస్కోప్ కింద పెట్టి, వెంట్రుక కంటే సన్నని గాజు గొట్టాన్ని ఒకే ఒక్క బౌమన్ గుళికలోకి గుచ్చి, అందులోని ద్రవం చుక్కను బయటికి తీశారు. ఆ చుక్కలో చక్కెర ఉంది, క్లోరైడ్ ఉంది, ప్రోటీన్ లేదు. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర లేదు. గుళికలో ఉన్న చక్కెర కిందికి వచ్చేసరికి లేదంటే దారిలో ఎవరో వెనక్కి తీసుకున్నట్టే కదా. శరీరశాస్త్రంలో ఇంత తేటగా తేలిన వాదాలు తక్కువ.

ఆ వెనక్కి తీసుకునే పనిలో మూడింట రెండొంతులు గుళిక దాటగానే వచ్చే మెలికల గొట్టంలోనే అయిపోతుంది, పాఠాల్లో సమీపస్థ సంవళిత నాళం అంటారు. దాని లోపలి కణాలకు సన్నటి నూగు ఉంటుంది, ద్రవాన్ని తాకే వైశాల్యం దాంతో ఎన్నో రెట్లు పెరుగుతుంది. కణాల నిండా మైటోకాండ్రియా. అవి అన్ని ఎందుకంటే ఇక్కడ శక్తి ఖర్చు అలాంటిది. కణం వెనకవైపు గోడలో ఉన్న పంపులు సోడియంను ఆపకుండా రక్తం వైపు తోస్తుంటాయి, కణం లోపల సోడియం తగ్గుతుంది, గొట్టంలోని సోడియం లోపలికి ఉరుకుతుంది, ఆ ఉరుకులో గ్లూకోజ్‌నూ అమైనో ఆమ్లాలనూ వెంట లాక్కుపోతుంది, వాటి వెనకే నీళ్లు. నిజానికి కిడ్నీ వాడే ఆక్సిజన్‌లో ఎక్కువ భాగం ఈ సోడియంను వెనక్కి తేవడానికే పోతుంది. ఎంత సోడియం అంటే, రోజుకు వడపోతకు వచ్చే 180 లీటర్లలో ఉన్నదాన్ని మామూలు ఉప్పు లెక్కన చూస్తే దాదాపు కిలోన్నర. మూత్రంలో పోయేది మనం తిన్నంత, అంటే ఏ పది గ్రాములో. ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ వేసుకుని తిన్న రోజు ఆ పది గ్రాముల్ని మరి కాస్త పెంచి పంపాలి, అంత పెద్ద లెక్కలో ఈ చిన్న తేడాను కిడ్నీ పట్టుకోగలగడం మెచ్చుకోవాల్సిన విషయం. పట్టుకోలేకపోయినప్పుడే కాళ్ల వాపులు, బీపీ పెరగడం.

గ్లూకోజ్ సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. రోజుకు 180 గ్రాముల గ్లూకోజ్ గొట్టంలోకి దిగుతుంది, మొత్తం వెనక్కి వచ్చేస్తుంది, మూత్రంలో దాదాపు ఏమీ మిగలదు. అయితే లాగే ప్రోటీన్లు ఇన్నే ఉన్నాయి. రక్తంలో గ్లూకోజ్ డెసిలీటరుకు 180 మిల్లీగ్రాములు దాటితే వాటికి తీరిక ఉండదు, మిగిలిన చక్కెర మూత్రంలోకి పోతూ నీళ్లను కూడా పట్టుకుపోతుంది. షుగర్ పెరిగినవాళ్లు రాత్రిళ్లు పదేపదే ఒంటికి లేవడం, నాలుక పిడచకట్టడం దీనివల్లే. ఈ లాగుడులో 90 శాతం పని చేసేది ఎస్‌జీఎల్‌టీ2 అనే ప్రోటీన్. దాన్నే అడ్డుకునే మందులు డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ ఇప్పుడు ఏ మందుల షాపులోనైనా దొరుకుతున్నాయి. చక్కెరను మూత్రంలో వదిలించడానికి తయారైన ఈ మందులు కిడ్నీ పాడయ్యే వేగాన్ని కూడా తగ్గిస్తున్నాయని పరీక్షల్లో తేలింది, షుగర్ లేని కిడ్నీ రోగుల్లో కూడా. కారణాల్లో ఒకటి మళ్లీ ఆ ఒత్తిడే. గ్లూకోజ్‌తో పాటు వెనక్కి రావాల్సిన సోడియం కిందికి వెళ్లడంతో, గొట్టం కింది భాగంలో ఉప్పును కనిపెట్టి ఉండే కణాలు లోపలి ధమనికను కాస్త బిగించమని సంకేతం ఇస్తాయి, గ్లోమెరులస్ మీద భారం తగ్గుతుంది.

వడపోతలో దిగని కొన్నింటిని గొట్టమే రక్తంలోంచి లాగి మూత్రంలో కలుపుతుంది, దీన్ని స్రావం అంటారు. పెన్సిలిన్ ఇలాగే పోతుంది, అదీ చాలా వేగంగా. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో మొదటి రోగికి పెన్సిలిన్ ఇచ్చినప్పుడు మందు కొరతతో ఆయన మూత్రంలోంచే దాన్ని తిరిగి తీసి మళ్లీ ఎక్కించారు.

మెలికల గొట్టం తర్వాత నాళిక కిడ్నీ లోతుల్లోకి దిగి, వెనక్కి తిరిగి పైకి వస్తుంది. 1862లో జర్మన్ శాస్త్రవేత్త హెన్లీ వర్ణించాడు కాబట్టి హెన్లీ శిక్యం. దిగే గొట్టంలోంచి నీళ్లు బయటికి పోతాయి, ఉప్పు పోదు. ఎక్కే గొట్టంలో ఉప్పు బయటికి పోతుంది, నీళ్లు పోలేవు. ఈ రెండూ ఎదురెదురుగా నడుస్తుండటంతో కిడ్నీ లోతట్టు భాగం రక్తం కంటే 4 రెట్లు చిక్కని ఉప్పు, యూరియాల ప్రాంతంగా మారుతుంది. (మూత్రం ఎక్కువ పోయేలా చేసే లాసిక్స్ బిళ్ల పని చేసేది ఈ ఎక్కే గొట్టంలోనే.) చివర్లో మూత్రం సంగ్రహణ నాళంలో పడి మళ్లీ ఆ ఉప్పు ప్రాంతంలోంచే కిందికి దిగాలి. అప్పుడు ఆ నాళం గోడ నీళ్లను దాటనిస్తే నీళ్లు బయటికి పీల్చుకుపోయి మూత్రం చిక్కబడుతుంది, దాటనివ్వకపోతే పలచగా పోతుంది. దాటనివ్వాలా వద్దా అని చెప్పేది మెదడు నుంచి వచ్చే ఏడీహెచ్ అనే హార్మోన్, అది వచ్చినప్పుడు గోడలోకి ఆక్వాపోరిన్లు అనే నీటి ద్వారాలు వచ్చి చేరతాయి. ఆక్వాపోరిన్లను కనిపెట్టినందుకు పీటర్ ఆగ్రేకు 2003లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.

విజయవాడ ఎండల్లో, 45 డిగ్రీలు దాటే రోజుల్లో, ఏడీహెచ్ పొద్దుట్నుంచీ పని చేస్తూనే ఉంటుంది. మూత్రం తగ్గి ముదురు పసుపు రంగుకు వస్తుంది. రంగునిచ్చే యూరోబిలిన్ అంతే ఉంటుంది, నీళ్లే తక్కువ. (బీ కాంప్లెక్స్ బిళ్ల వేసుకున్న రోజు వచ్చే మెరిసే పసుపు వేరు, దానికి కంగారు పడక్కర్లేదు.) అయితే ఎంత బిగించినా 4 రెట్లకు మించి చిక్కబరచడం మనిషి కిడ్నీ వల్ల కాదు, కాబట్టి రోజూ తయారయ్యే యూరియా, లవణాలు పోవడానికి కనీసం అర లీటరు నీళ్లు పోయి తీరాలి. ఒక చుక్క తాగకపోయినా అవి పోతాయి. చిక్కని మూత్రంలోనే కాల్షియం ఆక్సలేట్ గట్టిపడి రాళ్లవుతుంది. ఎండాకాలం బీరు తాగితే ఒంటికి చలవ అనే నమ్మకం మాత్రం పూర్తిగా తప్పు, ఆల్కహాల్ ఏడీహెచ్‌ను అణిచేస్తుంది, ఆపాల్సిన నీళ్లను కిడ్నీ వదిలేస్తుంది.

కొబ్బరి నీళ్ల విషయం ఇంకా జాగ్రత్తగా చెప్పాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మంచివే. అందులో పొటాషియం ఎక్కువ. వడపోతకు వచ్చిన పొటాషియం చాలావరకు మొదటే వెనక్కి వెళ్లిపోతుంది, మిగులును బయటికి పంపేది నాళిక చివరి భాగం, ఆల్డోస్టిరోన్ అనే హార్మోన్ ఆజ్ఞ మీద. నెఫ్రాన్లు బాగా తగ్గిపోయినవాళ్లలో ఆ పని జరగక పొటాషియం రక్తంలో పేరుకుంటే గుండె లయ తప్పుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. డయాలసిస్ మీద ఉన్న మనిషికి బంధువులు ప్రేమగా బోండాం కొట్టించి ఇవ్వడం ఆ ప్రేమకు తగిన పని కాదు. అలాగే కిడ్నీ రోగులందరూ నీళ్లు బాగా తాగాలన్న మాట కూడా నిజం కాదు, మూత్రం తగ్గిపోయినవాళ్లకు డాక్టర్ చెప్పిన కొలత దాటితే ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లో చేరతాయి.

చివరగా రిపోర్టుల గురించి. విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో ల్యాబ్ నుంచి తెచ్చుకున్న కాగితంలో క్రియాటినిన్ 1.2 అని ఉంటే, పక్కన నార్మల్ అంకెలు చూసి ఊపిరి పీల్చుకుంటారు. క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది, నెఫ్రాన్ దాన్ని వడకడుతుంది, వెనక్కి తీసుకోదు, అందుకే అది వడపోతకు మంచి గుర్తు. కానీ కండ తక్కువ ఉన్నవాళ్లలో అది తక్కువగానే తయారవుతుంది. అదే 1.2 ఉన్న 25 ఏళ్ల కుర్రాడికి వడపోత అంచనా (ఈజీఎఫ్ఆర్) 86 వస్తే, 70 ఏళ్ల పెద్దావిడకు 49 వస్తుంది. మూడు నెలలకు పైగా 60 లోపు ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి కింద లెక్క. పైగా సగం నెఫ్రాన్లు పోయినా మిగిలినవి ఎక్కువ పని మీద వేసుకుని లాగుతాయి కాబట్టి క్రియాటినిన్ చాలాకాలం కదలదు. అందుకే క్రియాటినిన్ అంకెను ఒంటరిగా చూడకూడదు, ఈజీఎఫ్ఆర్ ఎంతో అడగాలి, మూత్రంలో ఆల్బుమిన్‌కూ క్రియాటినిన్‌కూ ఉన్న నిష్పత్తి 30 లోపు ఉందో లేదో చూడాలి. ఈ రెండూ ఎందుకంటే అవి చూసే చోట్లు వేరు. ఆల్బుమిన్ గ్లోమెరులస్ గోడ సంగతి చెబుతుంది, షుగర్ రోగిలో క్రియాటినిన్ కదలకముందే పెరగగలదు. ఉద్దానం వైపు కనిపించే జబ్బు మాత్రం ఎక్కువగా గొట్టాలనూ వాటి మధ్య కణజాలాన్నీ పట్టుకునే రకం, అందులో ఆల్బుమిన్ పెద్దగా పోకుండానే వడపోత తగ్గిపోతుంది, మూత్ర పరీక్ష ఒక్కటే చేస్తే దాటిపోతుంది. ఆ రకం జబ్బుకు ఈజీఎఫ్ఆర్ కావాలి, షుగర్ జబ్బుకు ఆల్బుమిన్ కావాలి, షుగర్, బీపీ ఉన్నవాళ్లూ ఏళ్లుగా ఎండలో పని చేసేవాళ్లూ ఏడాదికోసారి రెండూ చేయించుకోవాలి.